తారు కింద నెంబరు

జనవరి 8, 2025
గోవింద్ నించి సూర్యం బావకి

బావా,

నాను గోవిందుని. నీ బోటు ఒడ్డుకొచ్చినాదని ఎదురింటోళ్ళు సెప్పినారు. ఆ గుజరాతు ఒడ్డున, వెరావల్లో సలి ఎలగున్నాది? ఇక్కడ పొద్దున్నపూట మంచుకి సముద్రం కనపడ్డం నేదు, సప్పుడే ఇనపడతన్నాది.

ఫోన్ సేసి మాటాడొచ్చు గానీ నాకు ఫోన్లో మాట రాదని నీకు తెల్సు కదా. ఎదురుగుంటేనే రాదు. అక్కేమో, నువ్వే రాయి, ఎనిమిది దాకా సదివినావు, ఆ మాత్రం రాదేటి అన్నాది. అక్కకి కాళీ నేదు. ఒడ్డున నెత్తళ్ళ సేపలు ఇరగపడతన్నాయి.

ఇసయం ఏటంటే మన లోడు ఆటో గురించి. నిన్న పలాస నించి రమణమూర్తి గారు ఫోన్ సేసినారు. మనకి బండి అమ్మిన జీడిపప్పు ఫేట్రీ ఆయనే. బండి ఎనక్కి పట్టుకెల్లాలంట. బేగి పట్టుకెల్లమన్నారంట. అందాకా బండి బయటకి తియ్యొద్దన్నారంట. నాను పక్క నించి సగమే ఇన్నాను. అక్క మొకం అదోలాగ అయిపోనాది. అడుగుదామంటే బుట్ట ఎత్తుకుని ఒడ్డుకి ఎలిపోనాది.

ఏటి సెయ్యమంటావు సెప్పు.

నీ బామ్మర్ది
గోవింద్

జనవరి 8, సాయంత్రం
సూర్యం నించి గోవింద్‌కి

ఒరే గోవిందూ,

నీ మెసేజు సూసి నా బుర్ర తిరిగిపోనాది. ఏటీ, రమణమూర్తికి బుద్ధి మారిపోనాదా? అమ్మీసిన బండిని ఎనక్కి అడుగుతాడా? కాయితాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి కదా, అదీ ఆయన ధైర్నం. తప్పు నాదే. ఊరొచ్చినప్పుడల్లా రేపు మార్పించుకుందాం, ఎల్లుండి మార్పించుకుందాం అనీసి రెండేళ్ళు గడిపీసినాను. మీ అక్క తనతో కలిపి ఏడుగురు ఆడోళ్ళ బుట్టలేసుకుని రోజూ పలాస మార్కెట్టుకి తిప్పుతన్నాదని తెల్సుంటాది, కన్ను పడుంటాది.

సెప్పింది సెయ్యి. బండిని తాత కొబ్బరితోటలోకి తోసీండి. మీద పాత వలలు కప్పీండి. ఎవడడిగినా నాకు తెలీదను. నీకు మాట రాదు కదా, ఇప్పుడదే మంచిదయ్యింది.

గంటలో బోటు ఇప్పీత్తన్నారు. మల్లీ ఇరవై రోజుల దాకా సిగ్నల్ ఉండదు. మీ అక్కకి ఫోన్ సేత్తే ఎత్తడం నేదు. దాన్ని ఏడవొద్దని సెప్పు.

మీ బావ

జనవరి 11
గోవింద్ నించి సూర్యం బావకి

బావా,

ఒక్క టిక్కే పడతన్నాది. నువ్వు నీళ్ళ మీదున్నావని తెల్సు. అయినా రాసీసి పెడతాను, ఒడ్డుకొచ్చినాక సదువుకో.

ముందు తిట్టొద్దు. తప్పు నాదే.

నీ మెసేజు తాతకి సదివి ఇనిపించినాను. ఇంతే, తాత పంచె ఎగ్గట్టి లేసిపోనాడు. పక్కింటి కుర్రోళ్ళని పిలిసినాడు, బండిని తోటలోకి తోయించీసినాడు, వలలు కప్పించీసినాడు. అక్క మార్కెట్టు నించి వచ్చి సూసేసరికి వాకిట్లో బండి నేదు. "ఓలమ్మో, బండేదిరా" అని ఒకటే కేక. నానేమో నువ్వు సెప్పినట్టు, నాకు తెలీదన్నాను. సెంప మీద ఒక్కటిచ్చినాది.

అసలు ఇసయం అప్పుడు సెప్పినాది. రమణమూర్తి గారు బండి అడగనేదు బావా. కంపెనీ పిలిసినాది. మన బండి తయారయిన సంవత్సరంలో సేసిన బళ్ళకి ముందు సక్రాన్ని పట్టుకునుండే ఇనప సెయ్యి ఉంటాది సూడు, అది సరిగ్గా పోత పడనేదంట. లోడేసుకుని గోతిలో పడితే ఇరిగిపోవచ్చంట. అందుకని ఆ బళ్ళన్నీ షోరూముకి పిలిసి ఊరికే కొత్తది ఏసిత్తారంట. కాయితాల్లో పేరు ఆయనది కాబట్టి మెసేజు ఆయనకి ఎల్లినాది. పాపం ఆయన మన మంచికే ఫోన్ సేసినారు. నువ్వాయన్ని ఏటేటో అనీసినావు. నాను అక్కకి అదంతా సూపించనేదులే.

"సగం ఇని మొత్తం రాసీ గుంటడివి ఈ ఊర్లో నువ్వొక్కడివే" అన్నాది అక్క. అన్నం పెట్టినాది గానీ నా ఏపు సూడనేదు.

ఎలాగూ నడపకూడదు కాబట్టి బండి తోటలోనే ఉన్నాది. తాతకి ఇంకో బెంగ పట్టుకున్నాది. ఒడ్డున ఊరికే పడుండీ దేన్నైనా ఉప్పుగాలి తినీసుద్దంట. "మన పడవలకి ఏటి సేసీవోళ్ళం? తారు పూసీవోళ్ళం" అని పాత డబ్బా ఎతికి పట్టుకొచ్చినాడు. నిన్నంతా తారు కాసి, బండి కిందకి దూరి, ముందు సక్రం కాడ నించి ఎనక దాకా బెత్తెడు కూడా వదలకుండా పూసీసినాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మొకమంతా తారే. నల్లగా నిగనిగలాడతన్నాది. నాకైతే బాగానే అనిపించినాది.

గోవింద్

జనవరి 21
గోవింద్ నించి సూర్యం బావకి

సూర్యం బావకి నమస్కారం.

పండగకి షోరూము మూసీసినారు. తెరిసినాక నన్నెల్లమన్నాది అక్క. బండి ఆగిపోనాక అక్క మల్లీ సర్వీసాటో మీద బుట్టలు కట్టించుకుని ఎల్తన్నాది. మిగతా ఆరుగురు ఆడోళ్ళూ అంతే. ఆ ఆటో వోడు సేప నీళ్ళు కారతన్నాయని దార్లో ఆపి మరీ తిడతన్నాడంట.

ఒకటో రోజు ఎల్లినాను. కాసిబుగ్గ దాటినాక రోడ్డు మీద గాజు తలుపుల షోరూము. లోపలికెల్లి నీళ్ళ డబ్బా కాడ నిలబడ్డాను. అందరూ కుర్చీల్లో కూకుని కంప్యూటర్లు సూసుకుంటన్నారు. ఎవులూ అడగనేదు. నానూ సెప్పనేదు. మూడు గ్లాసులు నీళ్ళు తాగీసి వచ్చీసినాను.

రెండో రోజూ అంతే.

మూడో రోజు బస్సులో కూకుని ఫోన్లో రాసుకున్నాను. మా బండి ఇది, కంపెనీ పిలిసినాదంట, ఏటి సెయ్యాలో సెప్పండి, అని. ఎల్లి కౌంటర్లో ఉన్న మేడానికి ఫోన్ సూపించినాను. ఆవిడ సదివి నా మొకం సూసినాది. మల్లీ ఫోన్ సూసినాది. "అయ్యో పాపం" అని నా ఫోన్ తీసుకుని అందులోనే టైపు సేసి ఇచ్చినాది. "కూర్చో బాబూ. భయపడకు. నా పేరు సుప్రజ."

ఆవిడ నన్ను మూగోడిననుకున్నాది బావా.

కాదని సెప్దామంటే నోరు రానేదు. అంతలో వాచ్‌మేను కుర్చీ ఏసీసినాడు. టీ తెచ్చిచ్చీసినారు. ఇప్పుడు సెప్తే మోసం సేసినాడనుకుంటారు కదా. అలాగే కూకుండిపోనాను. తిరిగొచ్చేటప్పుడు వాచ్‌మేను నా బుజం తట్టి సేతుల్తో ఏటో సెప్పినాడు. నానూ సేతుల్తో ఏటో సెప్పినాను.

ఆవిడ రాసిందేటంటే, మన బండి లిస్టులో ఉన్నాదంట. గానీ కొత్త సెయ్యి రావాలంటే బండికి చెక్కిన నెంబరు ఫొటో కావాలంట. చేసిస్ నెంబరు అంటారంట. డ్రైవరు సీటు కింద ఇనప కమ్మీ మీద ఉంటాదంట. కాయితంలో నెంబరు సాలదంట. ఒకే కాయితంతో రెండేసి బళ్ళు తిప్పీవోళ్ళున్నారంట. ఆ ఫొటో పంపితేనే కంపెనీ సామాను పంపుద్ది, అది కూడా వరస పెకారం.

సంబరంగా ఇంటికొచ్చి తోటకి పరిగెట్టినాను. సీటు ఎత్తినాను. టార్చి ఏసినాను.

తారు.

కమ్మీ మీద ఏలు మందాన తారు బావా. తాత ఎనకాల నిలబడి, "సూసినావా, అక్కడ కూడా వదల్నేదు" అన్నాడు.

గోవింద్

జనవరి 30
సూర్యం నించి గోవింద్‌కి

ఒరే మూగోడా,

ఒడ్డుకొచ్చి ఫోను ఆన్ సేసి నీ ఉత్తరాలన్నీ ఒక్కసారే సదివినాను. నవ్వలేక కడుపు నొప్పొచ్చింది. బోట్లో అందరికీ సదివి ఇనిపించినాను. వొజ్రపుకొత్తూరు కుర్రోడొకడు తారు కాడికొచ్చేసరికి కింద పడి దొర్లినాడు. మూడు వారాలు రమణమూర్తిని మనసులో నరికి పోగులెట్టినాను రా. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని ఆయన్ని కాయితాలు మార్సమని అడగాల?

నవ్వు అయిపోనాది. ఇప్పుడు ఇను.

ఫిబ్రవరి 25న ఇక్కడ ఏజెంటు పేర్లు రాసుకుంటాడు, ఈ సీజను మే నెల్లో అయిపోనాక వచ్చే దానికి. పేరు రాయించీసినామంటే మల్లీ పది నెలలు ఇక్కడే. ఈ యేడాది రాయించనని మీ అక్కకి మాటిచ్చినాను. ఆ మాట ఇచ్చింది దేన్ని సూసుకుని? బండిని సూసుకుని. బండి తిరిగితే సేప మనమే కొని మనమే అమ్ముకుంటాం, నాను ఇంటి కాడ ఉంటాను. బండి తోటలో పడుంటే ఇంటికొచ్చి నానేటి సేసీది, తాతతో కలిసి తారు పూసీదా?

షోరూము వోళ్ళని నమ్ముకుంటే కాదు. వరస పెకారం అంటే యేడాదైనా అవుద్ది. ఆడోళ్ళు అన్నాళ్ళు ఆగరు, ఇంకో బండి సూసుకుంటారు. మన ఊరి మెకానికు కాడికి పట్టుకెల్లి ఆ సెయ్యికి అడ్డంగా ఒక పట్టీ పెట్టి వెల్డింగు ఏయించీండి. నెమ్మదిగా తోలుకుంటే ఏటీ అవ్వదు. కంపెనీ వోళ్ళు పదిమందికి సెప్పాలి కాబట్టి సెప్తారు.

రేపెల్లుండి ఇక్కడే ఉంటాను. రెండో తారీకున మల్లీ నీళ్ళ మీదకి. ఇరవై నాలుక్కి ఒడ్డుకొత్తాం. అప్పటికి బండి తిరుగుతుందని మెసేజు సూత్తే పేరు రాయించను. నేదంటే రాయించీత్తాను. అంతే.

సుప్రజ మేడాన్ని అడిగినట్టు సెప్పు. సేతుల్తోనే సెప్పు.

మీ బావ

జనవరి 31
గోవింద్ నించి సూర్యం బావకి

బావా, అలాగే. మెకానికుని కలిసినాను. వెల్డింగు ఏత్తానన్నాడు గానీ ముందు తారు గీకీసి తెమ్మన్నాడు. తారు మీద వెల్డింగు పెడితే అంటుకుంటాదంట. రేపట్నించి గీకుతాను. అక్కకి ఇది ఇష్టం నేదు. నువ్వు సెప్పినావని ఊరుకున్నాది. ఏటీ అనకుండా సేపలు తోమతన్నాది. అక్క ఏటీ అనకపోతే నాకు బయం.

గోవింద్

ఫిబ్రవరి 5
గోవింద్ నించి సూర్యం బావకి

బావా,

ఈ ఉత్తరం నువ్వు ఇరవై నాలుక్కి గానీ సూడవు. అందుకే ధైర్నంగా రాత్తన్నాను. నీ మాట నాను ఇననేదు.

నాలుగు రోజులు గీకినాను. ఇనప రేకుతో గీకితే నెంబరు అరిగిపోద్దని కొబ్బరి సిప్పతో గీకినాను. కిరసనాయిలు పోసి నానబెట్టి, గోనె గుడ్డతో తుడిసి, మల్లీ గీకి. తాత పక్కనే కూకుని, తప్పు సేసిన పిల్లోడిలాగ గుడ్డలు అందిచ్చినాడు. మూడో రోజుకి నెంబరు బయటపడ్డాది. ఎంత సక్కగా ఉన్నాదో. తారు వల్ల తుప్పు కూడా పట్టనేదు.

నిన్న వెల్డింగు కోసమని ముందు సక్రం కాడ ఇనప సెయ్యి తుడిసినాను. అంతా తెల్లగా వచ్చీసినాది. ఒక్క కాడ మాత్రం సన్నగా తలెంటికంత నల్ల గీత ఉండిపోనాది. ఎంత రుద్దినా పోదే. తాతని పిలిసినాను. తాత సూసి గోరు పెట్టి రాసినాడు. మొకం మారిపోనాది.

"రుద్దకు. అది మరక కాదురా. పగులు" అన్నాడు.

ఎలగ తెల్సు అన్నాను. "పడవ చెక్కకి తారు పూసి తుడిత్తాం. తుడిసినాక కూడా నలుపు ఎక్కడ ఉండిపోతే అక్కడ చెక్క ఇచ్చుకున్నట్టు. నీళ్ళు వచ్చేది అక్కడి నించే. మా నాన్న నేర్పినాడు" అన్నాడు. తారు పూయకముందు నాను ఆ సెయ్యిని రోజూ కడిగేవోడిని బావా. ఏ రోజూ కనపడనేదు. ఆ బండి అక్క తోలీది. ఎనక ఏడు బుట్టలు. కొన్ని రోజులు పక్కన నాను.

మెకానికు కాడికి ఎల్లనేదు. ఫొటో తీసి షోరూముకి ఎల్లిపోనాను. సుప్రజ మేడం సీట్లో నేదు. ఇంకో సారు ఉన్నాడు. నెంబరు ఫొటో సూసి, "సరే, ఆర్డరు పెడతాం, స్టాకు నేదు, రెండు మూడు నెలలవుద్ది, ఎల్లు" అన్నాడు. పగులు ఫొటో సూపించినాను. "మరక అయ్యుంటాది" అన్నాడు. ఫోను నా సేతిలో పెట్టీసినాడు.

అప్పుడు నాకు ఏటైనాదో తెలీదు.

"మరక కాదు! ఈ బండి మా అక్క తోల్తాది!" అన్నాను.

గట్టిగా అన్నాను బావా. గాజు తలుపులు అదిరినాయనుకున్నాను. షోరూమంతా నా ఏపు తిరిగినాది. వాచ్‌మేను సేతిలో టీ గ్లాసు వదిలీసినాడు. లోపలి గది నించి సుప్రజ మేడం పరిగెత్తుకొచ్చి, "నీకు మాటొచ్చా!" అన్నాది. "వచ్చు మేడం, సిగ్గు" అన్నాను. నా ఫోను ఏపు ఒకసారి, నా నోటి ఏపు ఒకసారి సూసినాది. తరవాత ఆవిడ నవ్వీసినాది. ఆ సారు కూడా నవ్వీసినాడు.

ఫొటో పెద్దది సేసి సూసినారు. ఈసారి ఎవులూ నవ్వనేదు. పగిలిన బళ్ళకి వరస ఉండదంట, ముందు వాటికే ఇవ్వాలంట. అప్పుడే కంపెనీకి పంపినారు. ఆ సారు కుర్చీ ఏసి, "ఆ గీత నీకు ఎలగ కనపడిందిరా" అని అడిగినాడు. తారు సంగతి సెప్పినాను. నోట్తోనే సెప్పినాను.

అందాకా బండి అడుగు కూడా కదపొద్దన్నారు. వెల్డింగు అసలు వద్దన్నారు. కోపం వత్తే వచ్చినాక తిట్టు.

గోవింద్

ఫిబ్రవరి 14
గోవింద్ నించి సూర్యం బావకి

బావా,

ఇంకా రానేదు.

సుప్రజ మేడం రెండ్రోజులకొకసారి మెసేజు పెడతన్నాది. "గోవింద్ గారూ, ఇంకా దారిలోనే ఉంది" అని. గారూ అని రాసింది అక్కకి సూపించినాను. "గారికి అన్నం పెట్టమంటారా" అన్నాది అక్క.

సామాను ఎక్కడ బయల్దేరినాదో ఎక్కడ ఆగినాదో తెల్డం నేదు. నాను రోజూ మధ్యాన్నం కాసిబుగ్గ ఎల్లి వత్తన్నాను. ఇప్పుడు నీళ్ళ డబ్బా కాడ నిలబడ్డం నేదు, లోపలే కూకుంటన్నాను. నిన్న నందిగాం నించి ఒక పెద్దాయన వచ్చినాడు, ఆయనదీ మనలాంటి బండే, జీడిపిక్కల మూటలేస్తాడంట. ఏటి సెయ్యాలో ఆయనకి తెలీదు. నానే సెప్పినాను, నెంబరు ఎక్కడుంటాదో, ఫొటో ఎలగ తియ్యాలో. ఆయన నన్ను షోరూము కుర్రోడిననుకున్నాడు.

రమణమూర్తి గారు కూడా వచ్చినారు. సంతకం ఓనరుది కావాలంట కదా. ఫేట్రీ పని వదిలీసి స్కూటరేసుకుని వచ్చీసినారు. సంతకం పెట్టి, "మీ బావ ఎప్పుడొస్తాడు? వస్తే కాయితాలు మార్పించుకోమను. ప్రతీ చలానా నాకే వస్తంది" అన్నారు. నువ్వన్న మాటలు గుర్తొచ్చి నాను తల దించుకున్నాను. అక్క ఆయనకి రెండు వంజరం ముక్కలు, కొన్ని కానాగంత సేపలు కట్టించి పంపినాది.

ఇద్దరు ఆడోళ్ళు వేరే బండిలో ఎల్తన్నారు బావా. సోంపేట ఏపు నించి ఒకడు కొత్తగా తిప్పుతన్నాడు. మిగతా నలుగురూ, "కుసుమా, శివరాత్రి దాకా సూత్తాం" అన్నారు. అక్క పర్లేదు అన్నాది. తెల్లారి సూత్తే కళ్ళు ఎర్రగున్నాయి.

గోవింద్

ఫిబ్రవరి 23
గోవింద్ నించి సూర్యం బావకి

బావా,

రేపు నువ్వు ఒడ్డుకొత్తావు. ఎల్లుండి పేర్లు. ముందు ఇదే సదువుతావో, పాతవి సదువుతావో తెలీదు. అందుకని మల్లీ సెప్తన్నాను.

బండి తిరగడం నేదు. సామాను రానేదు. ఇశాపట్నం గోడౌనుకి వచ్చినాదని మొన్న సెప్పినారు, నిన్న ఫోన్ సేత్తే అది వేరేదంట.

తాత ఒకటి రాయమన్నాడు. "బండి బాగయిపోనాది, గుర్రంలాగ పరిగెడతన్నాది అని రాయరా. వాడు పేరు రాయించడు. మే నెల్లో వచ్చేసరికి బండి నిజంగానే బాగయిపోద్ది. అప్పుడది అబద్దం కాదు" అన్నాడు. నాకు నిజంగానే అలగ రాసీయాలనిపించినాది. సగం టైపు కూడా సేసినాను.

అక్క సూసి ఫోన్ లాక్కుని చెరిపీసినాది. "ఆ మనిషిని అబద్దం సెప్పి తెచ్చుకుంటానేటి" అన్నాది. ఫోను నాకిచ్చీసి, "ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ మనిషి ఇష్టం" అన్నాది. ఆ మనిషి ఇష్టం అని అన్నాది గానీ బావా, గోడ మీద కేలండర్లో ఇరవై అయిదు సుట్టూ గీత గీసింది అక్కే.

పగులు ఫొటో కింద పెడతన్నాను. సూడు. నువ్వు ఏం సేసినా నాను ఏటీ అనను. గానీ నన్నడిగితే, రాయించొద్దు. నాకు మాటాడ్డం వచ్చీసినాది కదా, సేప అమ్మడం కూడా వచ్చీసుద్ది. అక్కా నానూ తాతా ఉన్నాం. నువ్వొచ్చీ.

గోవింద్

ఫిబ్రవరి 25
సూర్యం నించి గోవింద్‌కి

గోవిందూ,

నిన్న రేత్రి ఒడ్డుకొచ్చి నీ ఫొటో సూసినాను. ఉత్తరాలు తరవాత సదివినాను. ముందు ఫొటోనే తెరుసుకున్నాది.

చానాసేపు సూసినాను రా. తలెంటికంత ఉన్నాది. వెల్డింగు ఏయించీండి, నెమ్మదిగా తోలుకోండి, ఏటీ అవ్వదు, అని ఇక్కడ వలల మీద కూకుని రాసినోడిని నాను. ఆ పలాస దార్లో రైలుగేటు కాడ ఎత్తులో, లోడు మీద, అది ఇరిగుంటే? దాన్ని తోలీది ఎవులు? నీకు సెప్పడానికి నాకేటి మొకం ఉన్నాది. నా మాట ఇననందుకు నిన్ను తిట్టమన్నావు. వచ్చినాక నీ కాళ్ళట్టుకుంటాను, తిట్టను.

పొద్దున్న ఏజెంటు కాడికెల్లినాను. పుస్తకం తెరిసి కూకున్నాడు. మనోళ్ళు ఇరవై మంది వరసలో ఉన్నారు. నా వంతొచ్చింది.

"ఏటి సూర్యం, బండి బాగయిందా?"

"నేదు."

"అయితే రాసీనా?"

"వద్దు."

"బండీ నేదు, బోటూ వద్దంటావు. ఏటి తింటావురా?"

"మా ఆవిడ తెచ్చింది తింటాను" అన్నాను.

అందరూ నవ్వీసినారు. నవ్వనీ. వొజ్రపుకొత్తూరు కుర్రోడు మాత్రం నవ్వనేదు. బయటకొచ్చినాక, "అన్నా, నీకు బయం లేదేటి" అన్నాడు. ఉన్నాదన్నాను.

సీజను అయ్యీదాకా ఈ బోటు మీదే ఉంటాను, మాటిచ్చినాను కదా. మే నెల్లో వచ్చీత్తాను. సామాను వచ్చినా రాకపోయినా. బండి నేకపోతే తాత వల బుజానేసుకుంటాను. రమణమూర్తి గారికి నా నమస్కారం సెప్పు. ఎందుకో సెప్పకు.

మీ అక్కకి ఇది సదివి ఇనిపించు. సగం కాదు, మొత్తం.

సూర్యం

మార్చి 7
గోవింద్ నించి సూర్యం బావకి

బావా! వచ్చీసినాది!

మొన్న సాయంత్రం మేడం మెసేజు. నిన్న తెల్లారకుండానే షోరూము వోళ్ళు పెద్ద వ్యాను పంపి మన బండిని దానిమీద ఎక్కించుకెల్లినారు. పిల్లలందరూ ఊరేగింపులాగ ఎనకాల పరిగెట్టినారు. తాత వ్యానులో ముందు కూకున్నాడు, ఎవులు దిగమన్నా దిగనేదు.

కొత్త సెయ్యి అట్టపెట్లో వచ్చినాది. ఎంత బరువో. బిగించడానికి గంట కూడా పట్టనేదు బావా. రెండు నెలలు ఎదురుసూసింది ఈ గంట కోసం. పాతది ఇప్పినాక షోరూము మెకానికు దాన్ని బల్ల మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టినాడు. రెండో దెబ్బకి ఆ గీత కాడే తెగిపోనాది. అక్క దాన్ని సేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి సూసి కింద పెట్టీసినాది.

తాతకి ఆ ముక్కలు కావాలంట, లంగరుకి బరువు కట్టుకుంటాడంట. కుదరదు, పాతవి కంపెనీకి ఎనక్కి పంపాలని మేడం అన్నాది. "కనిపెట్టింది నా తారు, ముక్కలు మాత్రం కంపెనీకా?" అని తాత కౌంటరు కాడ దెబ్బలాటేసుకున్నాడు. చివరికి కొత్త సెయ్యి వచ్చిన అట్టపెట్టె ఇచ్చి పంపినారు. అందులో ఇప్పుడు కోడిపెట్ట పొదిగిస్తన్నాడు.

ఈ రోజు పొద్దున్న మొదటి లోడు. శివరాత్రి ఎల్లిపోయినా ఆగిన నలుగురు ఆడోళ్ళూ బుట్టలేసినారు. వేరే బండికి ఎలిపోయిన ఇద్దర్లో ఒకామె కూడా వచ్చి ఏటీ మాటాడకుండా బుట్ట ఎక్కించీసినాది, అక్క కూడా ఏటీ మాటాడకుండా సర్దినాది. రైలుగేటు కాడ ఎత్తు ఎక్కేటప్పుడు నాను కళ్ళు మూసుకున్నాను. అక్క మూసుకోనేదు. బండి నీళ్ళ మీద తెప్పలాగ ఎల్లిపోనాది.

కవళ్ళ సేపలన్నీ తొమ్మిదికే అమ్ముడైపోనాయి. వచ్చేటప్పుడు అక్క పాట కూడా పాడినాది, నాను ఇననట్టు ఊరుకున్నాను.

ఒకటి మాత్రం ముందే సెప్పీత్తన్నాను, తరవాత నన్ననొద్దు. మే నెల్లో నువ్వొచ్చినా అక్క డ్రైవరు సీటు ఇవ్వదంట. నువ్వు ఎనకాల బుట్టల కాడ, నా పక్కన కూకోవాల.

గోవింద్

మార్చి 21
సూర్యం నించి గోవింద్‌కి

ఇప్పుడే ఒడ్డుకొచ్చినాను.

కూకుంటాన్రా. నువ్వు కాస్త జరుగు.